ట్యునీషియాలో వారం రోజులుంటే ఏమేం చూడొచ్చు?

డిసెంబర్‌లో అమ్మానాన్నలతో ట్యునీషియా వెళ్తున్నామని, వారం రోజులే ఉన్నాయని, ప్రాచీన నగరం కార్తేజ్ శిథిలాలు చూసి బీచ్ రిసార్ట్‌లో ఉండిపోవచ్చా అని అడిగారు. నేనూ చలికాలంలోనే తిరిగాను. నన్నడిగితే రిసార్ట్ మానేయండి. ఆ నెలలో సముద్రం చల్లగా ఉంటుంది, ఉత్తరాన వానలు కూడా పడతాయి.

కార్తేజ్ మీద మరీ ఆశలు పెట్టుకోవద్దు. క్రీ.పూ. 146లో రోమన్లు ఊరిని నేలమట్టం చేశారు. తర్వాత వాళ్లే మళ్లీ కట్టుకున్నారు. ఆ కట్టిన దాని రాళ్లు, స్తంభాలు కూడా ఆ తర్వాతి శతాబ్దాల్లో ఎవరికి కావలసినవి వాళ్లు పట్టుకుపోయారు. ఇప్పుడు ఖరీదైన ఇళ్ల మధ్య ఇక్కడో ముక్క, అక్కడో ముక్క కనిపిస్తాయి. సముద్రం ఒడ్డున ఉన్న రోమన్ల కాలపు ఆంటొనైన్ స్నానశాలలు మాత్రం చూడండి. రాజధాని ట్యునిస్ నుంచి టీజీఎం అనే లోకల్ రైలు వెళ్తుంది. అదే లైన్లో ముందుకెళ్తే సిది బూ సయీద్ అనే ఊరు వస్తుంది. తెల్ల గోడలు, నీలం తలుపులు, ఫొటోలు దిగేవాళ్ల గుంపులు. సాయంత్రం ఓ గంట చాలు. అయితే ఎత్తెక్కాలి, పెద్దవాళ్లకి మోకాళ్ల నొప్పులుంటే టాక్సీ పెట్టుకోండి.

కార్తేజ్ నుంచి తరలిపోయిన స్తంభాలు చూడాలంటే కైరవాన్ వెళ్లాలి. క్రీ.శ. 670లో అరబ్బులు స్థాపించిన ఊరది. అక్కడి పెద్ద మసీదులో వరసలు తీరిన స్తంభాల్లో చాలావరకు కార్తేజ్ లాంటి పాత రోమన్ ఊళ్ల నుంచి తెచ్చినవే. శ్రద్ధగా చూడండి, స్తంభాలన్నిటికీ పైనున్న చెక్కడం ఒకేలా ఉండదు. ముస్లిమేతరులను ప్రార్థన హాల్లోకి రానివ్వరు, ప్రాంగణంలో తిరుగుతూ తలుపుల్లోంచి చూడొచ్చు. పొద్దున్నే వెళ్తే మంచిది. బయటికొచ్చాక ఖర్జూరం కూరిన మక్రూద్ అనే మిఠాయి కొనుక్కోండి, చాలా తీపి.

నాకు అన్నిటికన్నా నచ్చింది ఎల్ జెమ్. చిన్న ఊరు, దాని నడుమ 3వ శతాబ్దపు రోమన్ ఆంఫీథియేటర్ (గుండ్రటి పోటీల మైదానం), సుమారు 35 వేల మంది పట్టేది. రోమ్‌లోని కొలోసియం దగ్గర ఉన్నంత జనం, క్యూలు ఇక్కడ లేవు. జంతువులను ఉంచిన నేలమాళిగలోకి దిగి నడవొచ్చు. నడుస్తూ పైకి చూస్తే సన్నటి పొడవాటి సందులోంచి ఆకాశం కనిపిస్తుంది. పైవరసల్లో రెయిలింగ్ లేని చోట్లున్నాయి, నాన్నగారిని ఒంటరిగా ఎక్కనివ్వకండి.

ఊళ్ల మధ్య తిరగడానికి లువాజ్ అనే వ్యాన్లుంటాయి. మన షేర్ ఆటోలాగే, ఎనిమిది మంది నిండితేనే కదులుతాయి, టైమ్‌టేబుల్ ఉండదు. దూరం వెళ్లేవాటికి ఎర్ర చార ఉంటుంది. పెద్దవాళ్లతో ఇరుక్కుని కూర్చోవడం కష్టమనుకుంటే, ఎల్ జెమ్‌కు ట్యునిస్ నుంచి రైలుంది.

ట్యునిస్‌లోని బార్దో మ్యూజియం అందరూ మొదటి రోజే చూసేస్తారు. నా సలహా, దాన్ని చివరికి ఉంచుకోండి. దేశమంతా తవ్వి తీసిన మొజాయిక్‌లు, అంటే ఇళ్ల నేల మీద రంగురాళ్ల ముక్కలతో పరిచిన బొమ్మలు, ఎన్నో అక్కడ గోడలకెక్కాయి. రోమన్ కవి వర్జిల్ మొజాయిక్ సముద్ర తీరంలోని సూస్ ఊళ్లో దొరికింది, గ్రీకు పురాణ వీరుడు యులిసెస్‌ది దుగ్గా అనే రోమన్ శిథిల నగరంలో. వీలైతే ముందు దుగ్గా వెళ్లి ఆ ఖాళీ ఇళ్ల మధ్య తిరగండి. ఆ నేల మీద ఏముండేదో బార్దోలో తెలుస్తుంది. సోమవారం మాత్రం మ్యూజియం సెలవు.

దక్షిణాన ఉన్న తోజర్, దూజ్ ఊళ్లు, ఎడారి ఈ వారంలో ఇరికించకండి. షాట్ ఎల్ జెరిద్ ఉప్పు సరస్సు మీదుగా వెళ్లే దారి అద్భుతమే, కానీ పెద్దవాళ్లతో అంత దూరం రానూపోనూ అంటే సగం రోజులు వ్యాన్లోనే అయిపోతాయి.

శాకాహారుల సంగతి కాస్త కష్టమే. సలాడ్ అడిగినా పైన ట్యూనా చేప వేసి ఇస్తారు. లబ్లాబీ దొరికితే దిగుల్లేదు: గిన్నెలో రొట్టె ముక్కలు మనమే తుంచి ఇస్తే, శనగలు ఉడికించిన వేడి పులుసు పోసి జీలకర్ర పొడి, హరిస్సా కారం, ఆలివ్ నూనె వేస్తారు. ట్యూనా, గుడ్డు వద్దని ముందే చెప్పండి. పులుసు దేనితో కాచారో కూడా అడగండి, కొన్నిచోట్ల ఎముకలు వేస్తారు.

డబ్బు మార్చిన రసీదులు పారేయకండి. దినార్లు దేశం బయటికి తీసుకెళ్లనివ్వరు, మిగిలినవి ఎయిర్‌పోర్టులో తిరిగి మార్చుకోవడానికి రసీదు అడుగుతారు. బిల్లు మీద 2.500 అని చూసి కంగారు పడొద్దు, అది రెండున్నర దినార్లే. అక్కడ దినారుకు వెయ్యి మిల్లీములు.