అమ్మ చేతులు జూమ్ చేసి చూశారా?

మేడమ్,

మాది విజయవాడ అజిత్‌సింగ్‌నగర్. తొమ్మిదేళ్లుగా డల్లాస్‌లో ఉంటున్నాను. నాన్నగారు మూడేళ్ల క్రితం పోయారు. అమ్మకు 72 ఏళ్లు. బీపీ, షుగర్ ఉన్నాయి. నాన్నగారి ఫ్యామిలీ పెన్షన్ వస్తుంది. ఒక్కతే ఉంటుంది, ఇక్కడికి రమ్మంటే రాదు. అందుకని గేటు దగ్గర, హాల్లో, వంటింట్లో, వెనక వసారాలో కెమెరాలు పెట్టించాను. పడిపోతే కబురు పంపే వాచీ కొనిచ్చాను. రాత్రి పడుకునే ముందు గంటసేపు కెమెరాలు చూడందే నాకు నిద్ర పట్టదు. 2024 వరదల్లో కరెంటు, నెట్ పోయి మూడు రోజులు అమ్మ సంగతే తెలియలేదు. బావ వెళ్లి గుంటూరు తీసుకెళ్లాడని తర్వాత పిన్ని ఫోన్ చేసి చెప్పింది. అప్పట్నుంచి కెమెరాలకు విడిగా ఇన్వర్టరు, రెండో సిమ్‌తో రౌటరు కూడా పెట్టించాను.

ఇంత చేస్తున్నా అమ్మకు చిరాకే. ఓసారి పక్కింటావిడ వచ్చినప్పుడు కెమెరా స్పీకర్లోంచి ‘ఎవరమ్మా వచ్చింది?’ అన్నాను. ఆవిడ లేచి వెళ్లిపోయింది, మళ్లీ రాలేదట. ఈ మధ్య నెలలో ఒకట్రెండుసార్లు హాల్లో కెమెరా మధ్యాహ్నం రెండింటి నుంచి రెండు గంటలపాటు నల్లబడిపోతోంది. ఒక అబ్బాయిని పంపి చూపిస్తే, కెమెరా పక్కనే గోడకు మెరూన్ రంగు బొట్టుబిళ్ల ఉందన్నాడు. గుంటూరులో మా అక్క ఉంది. నాన్నగారు పోయాక, ఇంటిమీద హక్కు వదులుకుంటున్నట్టు సంతకం పెట్టమంటే పెట్టలేదు. అప్పట్నుంచి మాటల్లేవు, నంబరు బ్లాక్ చేశాను. ఆమె నెలకు రెండుసార్లు వచ్చి సంచీతో వెళ్లడం గేటు కెమెరాలో కనిపిస్తోంది. పోయిన నెల జూమ్ చేసి చూస్తే అమ్మ చేతికి గాజులు లేవు. అడిగితే జవాబు చెప్పకుండా వాచీ తీసి బీరువాలో పడేసింది. బయటికి కనపడని కెమెరాలు ఉంటాయంటున్నారు. ఇల్లు మనదే కాబట్టి తప్పేం లేదని ఫ్రెండ్ అన్నాడు. పెట్టించమంటారా? లేక అమ్మకు ఎలా నచ్చజెప్పాలి?

– పేరు వద్దు, డల్లాస్

కనపడని కెమెరా వద్దు. అమ్మకు నచ్చజెప్పాల్సిందీ ఏమీ లేదు. మీరు అడిగిన రెండు ప్రశ్నలూ అయిపోయాయి. ఇక మీరు అడగని దాని గురించి మాట్లాడుకుందాం.

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మూడుసార్లూ ఆ గాజుల దగ్గరే ఆగిపోయాను. కొడుకు తల్లి చేతులు చూడటంలో తప్పేముంది? పండగకు వచ్చిన కొడుకు పక్కన కూర్చుని ‘ఇలా చిక్కిపోయావేంటమ్మా’ అని చెయ్యి పట్టుకుని చూస్తాడు. మీరూ చూశారు, కాకపోతే వేళ్లతో తెరను పెద్దది చేసుకుని, బంగారం ఉందా లేదా అని చూశారు. 72 ఏళ్ల చేతికి గాజులు వదులై జారిపోతుంటే తీసి దాచుకుని ఉండొచ్చు. ఏ అవసరానికో తాకట్టు పెట్టుకుని ఉండొచ్చు. కూతురికే ఇచ్చి ఉండొచ్చు. మూడింట్లో ఏది చేసినా ఆమె ఇష్టం, ఆమె సొమ్ము. అమ్మ సన్నబడిందేమో, షుగర్ ఎలా ఉందో అన్న మాట మాత్రం మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. ఆమె ఎందుకు జవాబు చెప్పలేదో నాకు తెలుసు. నేనైనా చెప్పను.

అమ్మ మీద బెంగతో కెమెరాలు పెట్టించారన్నది నేను నమ్ముతాను. గేటు దగ్గరి కెమెరా బెంగతో పెట్టిందే. వాచీ కూడా అంతే. కానీ మధ్యలో ఎక్కడో బెంగ పక్కకు తప్పుకుని, ఆ కుర్చీలో అనుమానం కూర్చుంది. ఆ అనుమానం అమ్మ మీద కాదు, అక్క మీద. మీ ఇంట్లో తెగిన బంధం అక్కా తమ్ముళ్లది. దానికి కాపలా కాయమని అమ్మను కూర్చోబెట్టారు. ఆ ముసలావిడ ఆ పని చేయనంటోంది.

ఆ బొట్టుబిళ్ల సంగతే చూడండి. మధ్యాహ్నం రెండంటే మీకు తెల్లవారుజామున మూడున్నర. మీరు నిద్రలో ఉంటారని వాళ్లకూ తెలుసు. అయినా కెమెరా కళ్లు మూశారంటే, అంతా రికార్డవుతుందని, తెల్లారాక మీరు తిప్పి చూస్తారని కూడా తెలుసన్నమాట. మొహం కడుక్కునేటప్పుడు బొట్టుబిళ్ల తీసి అద్దానికి అంటించి, మళ్లీ తీసి పెట్టుకోవడం మన ఆడవాళ్ల అలవాటు. అదే చేత్తో ఒకటి తీసి కెమెరా కంటికి అంటించారు. రెండు గంటలయ్యాక, రేపు పనికొస్తుందని గోడకు అంటించి పెట్టుకున్నారు. అంటించింది అమ్మో, అక్కో నాకు అనవసరం. కన్నకూతురితో రెండు గంటలు కబుర్లు చెప్పుకోవడానికి సొంతింట్లో ఆమెకు ఆ చాటు కావలసి వచ్చింది. మీరేమో ఆ చాటు కూడా లేకుండా చేసే కెమెరా ఎక్కడ దొరుకుతుందని నన్ను అడుగుతున్నారు.

పక్కింటావిడ విషయం మీరు ఒక్క వాక్యంలో తేల్చేశారు. నాకది చిన్న విషయంగా కనిపించడం లేదు. సాయంత్రంపూట వచ్చి, పూలు కట్టుకుంటూ కోడళ్ల గురించి నాలుగు మాటలు చెప్పుకుని వెళ్లే మనిషి ఆవిడ. పైనుంచి మగగొంతు ‘ఎవరమ్మా వచ్చింది’ అంటే ఎవరైనా మళ్లీ వస్తారా? అమ్మ ఓ పొద్దుటే తలుపు తీయకపోతే, అది ముందు కనిపెట్టేది ఆవిడే. పాలపాకెట్టు గేటుకు వేలాడుతూ ఉంటే ‘ఏంటి ఇంకా లేవలేదు’ అని తలుపు కొట్టేదీ ఆవిడే. మీ స్పీకరు ఆమెను పంపించేసింది. ముందు ఆవిడకు ఫోన్ చేసి క్షమాపణ చెప్పండి.

ఇక వరద. ఆ వారం నేను ఊళ్లోనే ఉన్నాను. సెప్టెంబరు ఒకటిన బుడమేరు వాగు పొంగి సింగ్‌నగర్‌ను, పాయకాపురాన్ని ముంచేసింది. ఇటు ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులు దాటి నీళ్లొచ్చాయి. ఛార్జింగ్ అయిపోయిన ఫోన్లు, అందని సిగ్నళ్లు, మేడలమీద నిలబడి కండువాలు ఊపే జనం, అన్నం పొట్లాలు మోసుకొచ్చే డ్రోన్లు. సింగ్‌నగర్ ఫ్లైఓవర్ మీద నిలబడి, ఏ పడవైనా తమ వీధివైపు వెళ్తుందేమోనని బతిమాలుకున్నవాళ్లను నేను కళ్లారా చూశాను. అందులో మీ బావగారూ ఉండే ఉంటారు. మూడు రోజులు మీ కెమెరాలకు అందని మనిషిని ఆయన నీళ్లలోకి దిగి వెళ్లి, గుంటూరు తీసుకెళ్లి, తన ఇంట్లో పెట్టుకున్నాడు. అంత జరిగాక మీరు నేర్చుకున్నది ఇన్వర్టరూ, రెండో సిమ్మూనా? ఆ కబురు పిన్ని చెప్తేగానీ మీకు తెలియలేదు. అక్క ఫోన్ చేయకుండా ఉండి ఉంటుందా? చేసినా మీ ఫోన్ మోగదు కదా.

సంచీ గురించి కూడా చెప్పాలి. పుట్టింటికి వచ్చి వెళ్లే ఆడపిల్ల చేతిలో సంచీని లెక్కపెట్టే అన్నదమ్ములంటే నాకు మొదట్నుంచీ గిట్టదు, దాచుకోవడం ఎందుకు. ఆ సంచీలో ఏముంటుందో కెమెరా లేకుండా నేను చెప్తాను. గోంగూర పచ్చడి, కందిపొడి, పోయినసారి తెచ్చిన కూర గిన్నెలు కడిగి పెట్టినవి. అవును, వచ్చేటప్పుడు సంచీ నిండుగా ఉందా, ఖాళీగా ఉందా? మీ రికార్డింగులో అదీ ఉంటుంది. వెళ్లేటప్పటి సంచీయే మీకు కనిపించింది. అమ్మ బీపీ మాత్రలు ఎవరు తెస్తున్నారో, ఏటా పెన్షన్‌కు లైఫ్ సర్టిఫికెట్ ఎవరు పంపిస్తున్నారో ఎప్పుడైనా అడిగారా? ఒకప్పుడు ముసలివాళ్లు ట్రెజరీ ఆఫీసు మెట్లెక్కి ‘నేను బతికే ఉన్నాను నాయనా’ అని చెప్పుకుని వచ్చేవాళ్లు. 2014లో జీవన్ ప్రమాణ్ అనే డిజిటల్ లైఫ్ సర్టిఫికెట్ వచ్చి వేలిముద్రతో సరిపోయింది. 2021 నుంచి ఫోన్లో మొహం చూపిస్తే చాలు, ఆధార్‌తో పోల్చుకుని తీసుకుంటోంది. అయినా ఆ ఫోన్‌ను మొహం ముందు పట్టుకుని ‘అమ్మా, ఇటు చూడు, కళ్లు ఆర్పు’ అనే మనిషి ఒకరు పక్కనుండాలి. మీరు డల్లాస్‌లో ఉన్నారు కాబట్టి అది మీరు కాదు.

మీ ఫ్రెండ్ ‘ఇల్లు మనదే’ అన్నాడు. ఎవరిది? నాన్నగారు సొంత సంపాదనతో కట్టి, వీలునామా రాయకుండా పోయి ఉంటే, 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం అమ్మకు, అక్కకు, మీకు సమానంగా తలా మూడో వంతు. అంటే మీరు కెమెరాలు పెట్టించిన ఇంట్లో రెండు వాటాలు మీరు చూస్తున్న ఆడవాళ్లవి. పిత్రార్జితమే అనుకున్నా, ఆడపిల్లకు జన్మహక్కు దేశమంతటికీ 2005లో వస్తే మన రాష్ట్రంలో ఎన్టీఆర్ హయాంలో, 1985 నుంచే ఇచ్చారు. పెళ్లికి పెట్టిన పసుపు కుంకుమతో అక్క లెక్క తీరిపోయిందని మనవాళ్లు ఇప్పటికీ అంటూనే ఉంటారు. చట్టం అలా అనలేదు, నేనూ అనను. సంతకం పెట్టకపోవడం ఆమె హక్కు. పెట్టమని అడగడం మీ తొందరపాటు. నాన్నగారు పోయిన ఇంట్లో ముందు అడగాల్సిన మాట అదా? కెమెరా చట్టప్రకారం తప్పా కాదా అన్న దాంట్లోకి నేను వెళ్లను. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం కూడా సొంత, ఇంటి అవసరాలకు వాడుకునేవాళ్ల జోలికి రాదు. తల్లీకొడుకుల మధ్య పోలీసు వచ్చేదాకా ఎందుకు?

ఈ వస్తువులంటే నాకేం కోపం లేదు. నేను రోజూ వాకింగ్‌కు కట్టుకునేదీ అలాంటి వాచీయే. 2018లో ఆపిల్ వాచ్‌లో మొదలైన ఈ పడిపోయినప్పుడు కనిపెట్టే ఏర్పాటు నిజంగా మంచిది. గట్టిగా పడి, నిమిషం పాటు కదలకపోతే తనే ఎమర్జెన్సీ నంబరుకు ఫోన్ చేసి, మనం రాసిపెట్టినవాళ్లకు మెసేజ్ పంపుతుంది. కాకపోతే అన్నీ కనిపెట్టలేదు. కళ్లు తిరిగి గోడ పట్టుకుని మెల్లగా జారి కూర్చుంటే దానికి తెలియకపోవచ్చు. షుగర్ ఉన్నవాళ్లకు అలా జరగొచ్చు. పైగా రోజూ ఛార్జింగ్ పెట్టాలి, చేతికి పెట్టుకోవాలి. బీరువాలో చీరల మధ్య ఉన్న వాచీ ఎవరినీ కాపాడదు.

కాబట్టి ఇలా చేయండి. గేటు కెమెరా ఉంచండి. హాల్లోది, వంటింట్లోది, వసారాలోది తీయించేయండి, ఈ వారమే. తీయించే ముందు అమ్మకు ఫోన్ చేసి ‘తీసేస్తున్నానమ్మా’ అని చెప్పండి. ఎందుకు పెట్టావని ఆమె అడగదు, ఎందుకు తీస్తున్నావనీ అడగదు. గాజుల ఊసు మళ్లీ ఎత్తొద్దు. రెండో సిమ్ డబ్బులతో ఇంట్లో పనిచేసే అమ్మాయిని సాయంత్రం కూడా ఒక గంట ఉండమనండి. గేటు కెమెరా పాస్‌వర్డు అమ్మ దగ్గర, అక్క దగ్గర ఉండాలి.

వాచీ అమ్మ మళ్లీ పెట్టుకుంటుంది, మీ మీద నమ్మకం కుదిరాక. పెట్టుకునేలోపు అందులో ఒకటి మార్చండి. ఎమర్జెన్సీ కాంటాక్టుల్లో మొదటి పేరు మీదే అయి ఉంటుంది, పందెం కాస్తాను. అమ్మ పగలు పడితే, 35 కిలోమీటర్ల దూరంలో గుంటూరులో ఉన్న కూతురికి తెలియదు. సముద్రాలు దాటి, అర్ధరాత్రి నిద్రపోతున్న మీ తలగడ పక్కన మోగుతుంది. మొదటి నంబరు అక్కది పెట్టండి, రెండోది బావది, మూడోది పక్కింటావిడది. మీది ఆ తర్వాత.

దానికి ముందు అక్క నంబరు బ్లాక్ తీయాలి. తీసి మీరే చేయండి, ఆమె చేస్తుందని చూడొద్దు, చిన్నవాళ్లు మీరు. ఇంటి కాగితాల మాట ఎత్తొద్దు. మొదట ఏం మాట్లాడాలో తోచకపోతే, ఆ వరదలో బావ అమ్మను ఎలా బయటికి తెచ్చాడో అడగండి. ఇన్నాళ్లూ మీరు ఆ సంగతి అడగలేదని మీ ఉత్తరమే చెబుతోంది. ఇప్పుడు మీకూ మాకూ పదిన్నర గంటల తేడా. గుంటూరులో ఉదయం తొమ్మిదిన్నరకు అక్క వంటపని ముగించుకుని కాస్త తీరిగ్గా ఉంటుంది. మీకు రాత్రి పదకొండు. ఆ వేళకు మీరు ఎలాగూ ఫోన్లో అమ్మ హాలు చూస్తూ మేలుకునే ఉంటారు.