కండక్టర్ లుడొవిక్ మోర్లో ఉన్న రోజుల్లో అమెరికాలోని సియాటిల్ సింఫనీ ఆర్కెస్ట్రా ఎలా ఉండేది? ప్రత్యక్షంగా విన్నవాళ్లు చెప్పగలరా?

నేను విన్నాను కాబట్టి చెబుతాను. మోర్లోది ఫ్రాన్స్‌లోని లియాన్. వయొలిన్ నేర్చుకుని తర్వాత కండక్టర్, అంటే ఆర్కెస్ట్రాని చేతి సైగలతో నడిపేవారు, అయ్యారు. 26 ఏళ్లు గెరార్డ్ ష్వార్జ్ నడిపిన ఆర్కెస్ట్రాని 2011లో అందుకుని 2019 దాకా నడిపారు.

నాకు వచ్చినది చిన్నప్పుడు నేర్చుకున్న కాస్త కర్ణాటక సంగీతమే. సింఫనీ మనకెక్కడ అర్థమవుతుందిలే అనుకునేవాణ్ణి. మోర్లో హయాంలో ఆర్కెస్ట్రా కచేరీలు జరిగే బెనరోయా హాల్ లాబీలో శుక్రవారం రాత్రి పదింటికి 'అన్‌టైటిల్డ్' అనే కచేరీలు పెట్టేవారు. అన్నీ కొత్త రచనలే. ఒకసారి ఆఫీసు స్నేహితుడు లాక్కెళ్లాడు. చిహూలీ అనే గాజు కళాకారుడి షాండిలియర్ కింద నేల మీద బాసింపట్టు వేసుకుని, మన ఊళ్లో త్యాగరాజ ఆరాధనకి కూర్చున్నట్టే కూర్చున్నాను. ఫ్లూట్ వాయించేవాళ్లు ఊపిరి తీసుకోవడం కూడా వినిపించింది. నాకున్న బెరుకు ఆ రాత్రే పోయింది.

ఇక 2013 జూన్. అమెరికన్ స్వరకర్త జాన్ లూథర్ ఆడమ్స్ చేత సియాటిల్ సింఫనీ రాయించుకున్న 'బికమ్ ఓషన్' అనే రచన తొలి ప్రదర్శన. దాదాపు 42 నిమిషాలు, మధ్యలో ఆపడం లేదు. అలవాటు కొద్దీ ఒళ్లో వేళ్లతో తాళం వేయబోయాను, సమం (తాళం మొదలయ్యే చోటు) దొరకలేదు. ఆర్కెస్ట్రా మూడు బృందాలుగా విడిపోయింది, అలలా లేచి తగ్గే వాళ్ల సంగీతం ఒక్కో బృందానిది ఒక్కో పొడవు. మోర్లో చెయ్యి మాత్రం తొణక్కుండా ఒకే నడకలో కదులుతోంది. మొత్తంలో మూడుసార్లే ఆ మూడు అలలూ ఒకేసారి ఉప్పొంగుతాయి. మొదటిసారి కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాను. సగం నుంచి సంగీతమంతా వచ్చిన దారినే వెనక్కి వెళ్తుంది. నేను వేళ్లు ముడిచేసి ఊరికే విన్నాను.

ఆ రచనకి 2014లో పులిట్జర్, 2015లో గ్రామీ వచ్చాయి. దాని రికార్డింగ్ విని పాప్ గాయని టేలర్ స్విఫ్ట్ ఆర్కెస్ట్రాకి 50,000 డాలర్లు ఇచ్చింది.

బ్రాహ్మ్స్ లాంటి జర్మన్ స్వరకర్తల విషయంలో నాకు మోర్లో చెయ్యి కొంచెం తేలికనిపించేది. ఫ్రెంచి సంగీతంలో, ముఖ్యంగా స్వరకర్త దుతీయో రచనల్లో, ఆ తేలికదనమే అందం.

'బికమ్ ఓషన్' రికార్డింగ్ ఇప్పటికీ దొరుకుతుంది. ఫోన్ స్పీకర్లో మాత్రం పెట్టకండి, మంద్ర స్వరాలన్నీ పోతాయి.