ఇంటి సామాను, ఫోను సామాను: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

సర్దుడు గురించి వచ్చిన ప్రశ్నలలో అయిదింటికి ఈసారి జవాబులు ఇస్తున్నాను. కొందరు కోరినందువల్ల ఎవరి పేరూ ప్రచురించడం లేదు.

ప్రశ్న: సెలవు దొరికినప్పుడల్లా ఇల్లంతా ఒకేసారి సర్దేయాలని మొదలుపెడతాను. అలమరలోవన్నీ తీసి మంచం మీద కుప్ప పోస్తాను. సాయంత్రానికి ఓపిక అయిపోతుంది. పడుకోవడానికి చోటు కావాలి కనుక అన్నింటినీ మళ్లీ లోపలికి తోసేస్తాను. కొద్దికొద్దిగా చేయమని అందరూ చెబుతారు కానీ, ఆ కొద్ది ఎంతో, ఎక్కడ మొదలుపెట్టాలో ఎవరూ చెప్పరు. ఇల్లు చిందరవందరగా ఉంటే నాకు మనసు కుదురుగా ఉండదు. ఇంట్లోవాళ్లు దాన్ని నా చాదస్తమంటారు.

జవాబు: ముందు చాదస్తం సంగతి చూద్దాం. డార్బీ సాక్స్‌బీ, రెనా రెపెటీ అనే పరిశోధకులు లాస్ ఏంజిలస్ ప్రాంతంలో భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలు చేసే కుటుంబాలను పరిశీలించి, 2010లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఇల్లంతా తిప్పి చూపిస్తూ ఆ దంపతులు తమ ఇంటి గురించి ఏయే మాటలు వాడారో లెక్కగట్టారు. ఇల్లు చిందరవందరగా ఉందని, పనులు సగంలో ఆగిపోయాయని ఎక్కువగా చెప్పుకున్న స్త్రీలలో, ఒత్తిడికి సంబంధించిన కార్టిసాల్ అనే హార్మోను పొద్దు గడిచేకొద్దీ తగ్గవలసినంతగా తగ్గడం లేదని వాళ్లు గమనించారు. ఇల్లు అలా ఉన్నందువల్ల మనసు కుంగిందా, మనసు కుంగినందువల్ల ఇల్లు అలా కనిపించిందా అన్నది ఆ అధ్యయనం తేల్చలేదు. అయినా ఈసారి ఎవరైనా చాదస్తమంటే, అది కాదని చెప్పడానికి మీకు ఆధారం ఉంది.

ఇక అసలు విషయానికి వస్తే, మీ పద్ధతిలో ఇబ్బంది ఎక్కడ ఉన్నదో మీ ఉత్తరంలోనే కనబడుతోంది. అలమర ఖాళీ చేయడానికి ఆలోచన అక్కరలేదు, చేతులు చాలు. తిరిగి పెట్టేటప్పుడు మాత్రం ప్రతి వస్తువు దగ్గరా ఆగి ఒక నిర్ణయం తీసుకోవాలి. అది అప్పట్లో తీసుకోకుండా వాయిదా వేసినందువల్లనే ఆ వస్తువు అక్కడ ఉంది. మూడు వందల వాయిదాలను ఒకే మధ్యాహ్నం విప్పమంటే ఎవరికైనా ఓపిక చాలదు. అందువల్ల కొద్ది అంటే ఎంత సమయమన్నది కాదు చూడవలసినది, ఎన్ని నిర్ణయాలన్నది. ఒక్కసారికి ముప్పై వస్తువులకు మించనివ్వకండి. అంటే అలమర వద్దు, అందులో ఒక అర. బల్ల వద్దు, దాని ఒక సొరుగు. పావుగంటలో బయటికి తీసి, మళ్లీ లోపల పెట్టి, మూసేయగలిగినంతే తెరవండి. ఇంకా ఓపిక ఉందనిపించినా మొదటి వారం రోజులూ అక్కడితో ఆపేయమని నా సలహా, ఎందుకంటే పని మిగిలి ఉండగా ఆపినవారు మర్నాడు ఇష్టంగా వస్తారు, అలసిపోయి ఆపినవారు మళ్లీ సెలవు దాకా అటు చూడరు.

జ్ఞాపకాలు లేని చోట మొదలుపెట్టండి. మందుల పెట్టె అందుకు చాలా మంచిది, ఎందుకంటే అక్కడ సగం నిర్ణయాలు ముందే ముద్రించి ఉంటాయి. గడువు తీరినవి వేరు చేయండి. పాత మందులను తిరిగి తీసుకునే ఏర్పాటు దగ్గరలో ఉంటే అక్కడ ఇవ్వడం మేలు. అట్ట మీద సూచించి ఉంటే తప్ప వాటిని మరుగుదొడ్డిలో పోయవద్దు. చీటీల మీద మీ పేరు, వివరాలు ఉంటే చెరిపివేయండి. తరువాత తీగల పెట్టె చూడండి. ఏ పరికరానిదో ఇంట్లో ఎవరూ చెప్పలేని ఛార్జరు, ఆ పరికరం ఇల్లు వదిలి ఎన్నాళ్లయిందో చెప్పకనే చెబుతుంది. అక్కడే ఉబ్బిన బ్యాటరీ ఉన్న పాత ఫోను కనబడితే దాన్ని ఒత్తవద్దు, పొడవవద్దు, ఛార్జింగు పెట్టవద్దు, మామూలు చెత్తబుట్టలో అసలే వేయవద్దు. లిథియం బ్యాటరీ లోపల దెబ్బతింటే నిప్పంటుకోవచ్చు. తేలిగ్గా అంటుకునే వస్తువులకు దూరంగా, విడిగా ఉంచి, ఎలక్ట్రానిక్ వ్యర్థాలు తీసుకునేవారికి సంగతి చెప్పి అప్పగించండి.

తీసినవాటిని మూడు భాగాలు చేస్తే చాలు: ఇక్కడ ఉండేవి, ఇంట్లో మరోచోట ఉండవలసినవి, ఇల్లు వదిలి వెళ్లేవి. "తరువాత చూద్దాం" అనే నాలుగో కుప్ప తప్పదనుకుంటే, వాటికి ఒకే ఒక పెట్టె కేటాయించి, మూత మీద ఆరు నెలల తరువాతి తేదీ వేయండి. ఆ తేదీ దాకా ఎవరూ తెరవకపోతే జవాబు దొరికినట్టే. వెళ్లేవాటికి కూడా ఎవరికి, ఏ రోజు అన్నది అప్పుడే రాసిపెట్టండి. ఇచ్చేద్దామని గుమ్మం పక్కన పెట్టిన సంచి మూడు నెలలు అక్కడే ఉంటే అది కూడా సామానే.

ఒక్క మాట. సర్దడం మొదలుపెట్టే ముందు కొత్త డబ్బాలు కొనకండి. నేను కొన్నాను. ఇప్పుడు మా అటక మీద ఖాళీ డబ్బాలు దాచిన డబ్బా ఒకటి ఉంది.

ప్రశ్న: వాడకపోయినా, ఖరీదు పెట్టి కొన్న వస్తువును వదలడానికి మనసు ఒప్పదు. ఇది పిసినారితనమా?

జవాబు: కాదు. మనదైన వస్తువుకు మనమే ఎక్కువ విలువ కట్టే ఈ గుణాన్ని ఆర్థికశాస్త్రవేత్త రిచర్డ్ థేలర్ 1980లో వివరించారు. డేనియల్ కానెమన్, జాక్ నెచ్‌లతో కలిసి ఆయన 1990లో ప్రచురించిన ప్రయోగాలలో, కొందరు విద్యార్థులకు కాఫీ కప్పులు ఇచ్చి అమ్మమన్నారు, మిగిలినవారిని కొనమన్నారు. కప్పు చేతికి వచ్చి కొద్దిసేపే అయినా, అమ్మేవారు అడిగిన వెల కొనేవారు ఇస్తామన్న వెలకు రెట్టింపుకు పైగా ఉంది. కొద్దిసేపటి కప్పుకే అంత మమకారం ఉంటే, పదేళ్లుగా ఇంట్లో ఉన్న వస్తువు సంగతి వేరే చెప్పాలా?

అందువల్ల "దీన్ని వదిలేయాలా" అని అడగకండి. "ఇది నా దగ్గర లేదనుకుంటే, ఈ రోజు డబ్బు పెట్టి కొంటానా" అని అడగండి. ఈ ప్రశ్న మిమ్మల్ని అమ్మేవారి వైపు నుంచి కొనేవారి వైపుకు మారుస్తుంది. పెట్టిన డబ్బు కొన్న రోజే పోయింది. వస్తువును అలమరలో ఉంచినంతమాత్రాన అది తిరిగి రాదు, పైగా అలమర కూడా పోతుంది. అయితే మళ్లీ కొనలేనివాటికి, అంటే చేతిరాతలకు, ఫొటోలకు, అసలు పత్రాలకు ఈ ప్రశ్న వర్తించదు.

ప్రశ్న: నా ఫోనులో చోటు లేదని రోజూ హెచ్చరిక వస్తోంది. ఇరవై వేల ఫొటోలు, చదవని మెయిళ్లు వేలల్లో ఉన్నాయి. క్లౌడ్‌లో ఎలాగూ ఉన్నాయి కదా అని ఒకసారి ఫోనులో కొన్ని ఫొటోలు తీసేస్తే అక్కడ కూడా మాయమయ్యాయి. అప్పటినుంచి దేన్నీ ముట్టుకోవడానికి భయంగా ఉంది.

జవాబు: మీ భయానికి కారణముంది, కానీ అది ఒక్క తేడా తెలియకపోవడం వల్ల వచ్చినది. సింక్ వేరు, బ్యాకప్ వేరు. బ్యాకప్ విడిగా దాచిన ప్రతి, ఒకచోట తీసేసినా అది ఉంటుంది. సింక్ అద్దం వంటిది. ఒకచోట తీసేస్తే రెండోచోట కూడా పోతుంది. ఐక్లౌడ్ ఫొటోలు, గూగుల్ ఫొటోలు మామూలుగా ఇలాగే పనిచేస్తాయి. గూగుల్ ఫొటోలలో "ఫ్రీ అప్ స్పేస్" అని వేరే ఏర్పాటు ఉంది. అది క్లౌడ్‌కు చేరినవాటినే గుర్తించి, వాటి ఫోను ప్రతులను మాత్రమే తీసేస్తుంది. మీకు కావలసింది ఆ ఏర్పాటు. మీరు వాడినది మామూలు డిలీట్. ఇకముందు పొరపాటు జరిగినా వెంటనే చెత్తబుట్ట తెరిచి చూడండి. గూగుల్ ఫొటోలలో క్లౌడ్‌కు చేరినవి 60 రోజులు, ఐఫోనులో తీసేసినవి 30 రోజులు, జీమెయిల్‌లో తీసేసిన ఉత్తరాలు 30 రోజులు అక్కడ ఉంటాయి. ఏదైనా పెద్ద ఎత్తున తీసేసే ముందు మాత్రం ఫొటోలన్నింటినీ ఒక విడి హార్డ్‌డిస్కులోకి కాపీ చేసి, అందులో పదింటిని తెరిచి చూసుకోండి. తెరిచి చూడని బ్యాకప్ ఉన్నదో లేదో తెలియనట్టే.

తరువాత కుళాయి కట్టేయండి. నీళ్లు నిండుతుండగా తోడడం వృథా. వాట్సాప్‌లో ఫొటోలు, వీడియోలు తమంతట తామే దిగే ఏర్పాటును ఆపేయండి. "స్టోరేజ్ అండ్ డేటా"లో "మేనేజ్ స్టోరేజ్" తెరిస్తే, 5 ఎంబీకి మించినవి ఒకచోట, పదేపదే ఫార్వర్డ్ అయినవి మరోచోట కనబడతాయి. ఈ రెండో గంపను గుత్తగా ఖాళీ చేయవచ్చు. కంట తడి పెట్టించే ఫొటో ఏదీ అందులో ఉండదని దాదాపు హామీ ఇవ్వగలను. ఆ తరువాత వీడియోలు చూడండి. ఒక్క నిమిషం వీడియో ఎన్నో ఫొటోలంత చోటు తింటుంది. కనుక వెయ్యి ఫొటోల దగ్గర తలపట్టుకునేకంటే ఇరవై వీడియోలు తేల్చడం తేలిక. స్క్రీన్‌షాట్లు మూడోవి. వాటిలో చాలావరకు ఆ రోజు సాయంత్రానికే పని తీరినవి.

మిగిలిన ఫొటోలకు నేను పాటించే పద్ధతి చెబుతాను. చాలా ఫొటో యాప్‌లలో వెతికే పెట్టెలో ఈ రోజు తేదీ, నెల మాత్రం వేస్తే, గడచిన ఏళ్లన్నింటిలో ఇదే రోజున తీసినవి వస్తాయి. వాటినే చూడండి. ఇరవై వేలను 365 రోజులకు పంచితే రోజుకు సగటున 55 వస్తాయి. ఒకే దృశ్యానికి తీసిన ఏడింటిలో ఒకటి రెండు ఉంచి, మసకబారినవి తీసేస్తే పది నిమిషాల పని. ఒక రోజు తప్పిపోతే పరిగెత్తి అందుకోవాలని చూడకండి, వచ్చే ఏడాది అదే తేదీ మళ్లీ వస్తుంది. ఇది నాకు సర్దుడులాగా అనిపించదు. పాత రోజులు చూసుకున్నట్టు ఉంటుంది. బహుశా అందుకే సాగింది.

మెయిళ్ల విషయంలో పాతవాటిని ఒక్కొక్కటిగా చదవాలన్న ఆలోచన మానండి. 2004 ఏప్రిల్ 1న జీమెయిల్ మొదలైనప్పుడు 1 జీబీ చోటిచ్చి, ఇక ఏ ఉత్తరాన్నీ తీసేయనక్కరలేదన్నట్టు చెప్పింది. ఆనాటికి అది అపారమైన చోటు. ఇవాళ ఉచితంగా ఇచ్చే 15 జీబీని మెయిల్, డ్రైవ్, ఫొటోలు మూడూ పంచుకుంటున్నాయి. 2021 జూన్ 1 నుంచి తగ్గించిన నాణ్యతతో ఎక్కించే ఫొటోలు కూడా మామూలుగా ఆ లెక్కలోకే వస్తున్నాయి. కాబట్టి మొన్నటిదాకా ఉన్న మెయిళ్లన్నింటినీ ఆర్కైవ్ చేసి ఇన్‌బాక్సును ఖాళీ చేసుకోండి. అవి ఎక్కడికీ పోవు, వెతికితే దొరుకుతాయి. ఆ తరువాత మెయిళ్లు పంపేవారిలో రోజుకు ఒక్కరిని ఎంచుకొని, వారి ఉత్తరాలన్నీ ఒకేసారి వెతికి తీసేసి, చందా రద్దు (అన్‌సబ్‌స్క్రైబ్) చేయండి. మీరు ఎన్నడూ చేరని చోటునుంచి వచ్చిన అనుమానపు మెయిల్‌లోని రద్దు లింకు మాత్రం నొక్కవద్దు. దాన్ని స్పామ్ అని గుర్తించి వదిలేయండి. కంప్యూటరులో జీమెయిల్ తెరిస్తే పరిమాణాన్ని బట్టి కూడా వెతకవచ్చు. 10 ఎంబీ దాటినవి వెతికితే చోటు ఎవరు ఆక్రమించారో తెలిసిపోతుంది.

పాత ఖాతాలు రద్దు చేసే ముందు, ఆ చిరునామా మీద మరే ఖాతా ఆధారపడి ఉందో చూసుకోండి. పాస్‌వర్డ్ మరిచిపోతే వచ్చే కోడ్ అక్కడికే వస్తుండవచ్చు. అలాగని పట్టించుకోకుండా వదిలేయడమూ మంచిది కాదు. రెండేళ్లపాటు వాడని వ్యక్తిగత ఖాతాలను గూగుల్ 2023 డిసెంబరు నుంచి తొలగించడం మొదలుపెట్టింది.

ప్రశ్న: మా వారు ఏదీ పారేయనివ్వరు. చెడిపోయిన పరికరాలు, పాత పత్రికలు, ఖాళీ సీసాలు అన్నీ ఉండవలసిందే. ఆయన ఊరు వెళ్లినప్పుడు తీసేస్తే తప్పా?

జవాబు: తప్పే. పైగా అందువల్ల ఫలితం కూడా ఉండదు. ఒకసారి నమ్మకం పోతే, ఆ తరువాత ఆయన ఖాళీ సీసాను సైతం కాపలా కాస్తారు. ముందు పూర్తిగా మీవైన వస్తువులు సర్దుకోండి. ఆయన వస్తువులకు ఒక గదో, అలమరో కేటాయించి, దానికి బయట ఉన్న చోటు గురించి మాత్రం గట్టిగా మాట్లాడండి. అయితే నడిచే దారి మూసుకుపోయి, మంచమో పొయ్యో వాడుకోలేని స్థితి వచ్చి, పనికిరానిది తీసేస్తామన్నా ఆయన తీవ్రంగా తల్లడిల్లుతుంటే, అది అలవాటు హద్దు దాటిందని గ్రహించాలి. వస్తువులను విపరీతంగా కూడబెట్టడాన్ని అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013లో మానసిక రుగ్మతలను వర్గీకరించే తన గ్రంథంలో ప్రత్యేక రుగ్మతగా చేర్చింది. దానికి మాటలతో చేసే చికిత్స ఉంది. మానసిక వైద్యుని దగ్గరకు ఇద్దరూ కలిసి వెళ్లండి.

ప్రశ్న: అమ్మ పోయిన తరువాత ఆమె ఉత్తరాలు, ఫొటోల పెట్టె నా దగ్గరకు వచ్చింది. స్కాన్ చేసి అసలువి తీసేయవచ్చా?

జవాబు: ఇప్పుడే వద్దు. మీరు ఇంట్లో మిగిలినవన్నీ సర్దిన తరువాత చివరగా తెరవవలసిన పెట్టె ఇది. అప్పటిదాకా ఎండ, తడి తగలని చోట ఉంచితే చాలు, అది ఎవరికీ అడ్డం కాదు. స్కాన్ మాత్రం చేయించండి, అసలువి తీసేయడానికని కాకుండా తోబుట్టువులకు పంచడానికి. ఫొటో వెనకవైపు రాత ఉంటే దాన్ని కూడా స్కాన్ చేయండి. మూడు ప్రతులు, రెండు రకాల సాధనాల మీద, ఒకటి ఇంటికి బయట అన్నది భద్రపరచేవారి పాత లెక్క. సీడీల మీద పాత వీడియోలు ఉంటే వాటిని ముందు కాపీ చేయండి, ఎందుకంటే సీడీలు పాడవుతాయి, వాటిని చదివే యంత్రాలు కూడా ఇళ్లలో కరువవుతున్నాయి.

అన్నింటికంటే తొందరగా చేయవలసింది మరొకటి ఉంది. ఆ ఫొటోలలోని ముఖాలను గుర్తుపట్టగల పెద్దవారు ఎవరైనా ఉంటే, ఈ నెలలోనే ఒక పూట వారి పక్కన కూర్చోండి. పేర్లను ఫొటో వెనక అంచున, మెత్తని పెన్సిలుతో, ఒత్తకుండా రాయండి. బాల్‌పెన్ను అచ్చు ముందువైపుకు పొంగుతుంది.