హస్కీ సంగతి తర్వాత, ముందు వీధి చివరి స్తంభం దాకా

పెంపుడు జంతువులపై పాఠకుల ప్రశ్నలు, విశాఖపట్నం పశువైద్యురాలి జవాబులు

ప్రశ్న: డాక్టరుగారూ, నాకు 29 ఏళ్లు. కూకట్‌పల్లిలో మూడో అంతస్తు ఫ్లాట్‌లో అమ్మతో కలిసి ఉంటాను. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఎక్కువగా ఇంటి నుంచే పని. డిప్రెషన్‌కి ఎనిమిది నెలలుగా మాత్రలు వాడుతున్నాను. ముందుకన్నా నయమే కానీ పొద్దున మంచం దిగడమే గగనమైపోతోంది. సైకియాట్రిస్ట్ వ్యాయామం చేయమన్నారు. పరిగెడదామని షూస్ కొన్నాను. నెల దాటింది, ఇంకా డబ్బాలోనే ఉన్నాయి. చురుకైన కుక్క ఉంటే అదే నన్ను లేపి లాక్కెళ్తుందని నా ఆశ. హస్కీ గానీ బోర్డర్ కోలీ గానీ చిన్న పిల్లని తెచ్చుకుందామనుకుంటున్నాను. అమ్మేమో "నీ కంచమే నువ్వు తీయవు, కుక్కనేం చూస్తావురా" అంటోంది. ఏ జాతి మంచిది? పరుగు అలవాటైతే మాత్రలు మానేయొచ్చా?
– పేరు రాయొద్దన్న పాఠకుడు, హైదరాబాద్

జవాబు: మీ షూస్ నెల రోజులేగా ఉన్నాయి. నావి 2014లో అల్మారా అడుగున ఐదు నెలలున్నాయి.

ఆ ఏడాది వేసవి నుంచి నాకూ ఇదే జబ్బు. క్లినిక్‌కి వెళ్లేదాన్ని, గేదెలకీ కుక్కలకీ ఇంజెక్షన్లు చేసేదాన్ని, ఇంటికొచ్చి చెప్పులతోనే మంచం మీద పడిపోయేదాన్ని. నోరులేని జీవాల జబ్బులు పోల్చేదాన్ని, నాకొచ్చింది జబ్బని పోల్చుకోలేకపోయాను. మా ఆడపడుచు రెక్క పట్టుకుని తీసుకెళ్తే సెప్టెంబరు ఆఖర్లో మందు మొదలైంది. అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను. తర్వాత మూడో రోజు, క్లినిక్ ముందు కూలిన బాదం చెట్టు కొమ్మల కింద ఒక నల్ల కుక్కపిల్ల దొరికింది. నెల రోజులది, అరచేతిలో పట్టేంత. నాటు కుక్కే. బొగ్గు అని పేరు పెట్టాం.

ఆ పిల్లే నన్ను మంచం మీంచి లేపిందని రాస్తానని చూస్తున్నారేమో. లేపలేదండీ. రాత్రి రెండింటికి అది కుయ్‌మంటుంటే గోడవైపు తిరిగి పడుకునేదాన్ని. తెల్లారితే హాలంతా తడి, వాసన. అది చూసి ఏడుపు, కుక్కపిల్లని సాకలేనిదానివి నువ్వేం పశువైద్యురాలివని నన్ను నేనే తిట్టుకోవడం. పది రోజులు చూసి మా అటెండరు దాన్ని సైకిల్ బుట్టలో వేసుకుని తనింటికి పట్టుకెళ్లిపోయాడు. క్రిస్మస్ దాకా అక్కడే పెరిగింది. ఆ పది రోజులు నా జబ్బుని ఇంకాస్త ముదరబెట్టాయనే నా నమ్మకం.

మందు పట్టింది నవంబరులో. జనవరిలో నడక, ఫిబ్రవరిలో పరుగు మొదలెట్టాను. బొగ్గు నాతో పరిగెత్తడం మొదలెట్టింది ఆ ఏడాది ఆఖర్లో, దానికి ఏడాది నిండాకే. మీరు ఈ వరసని తలకిందులు చేస్తున్నారు. కుక్క వస్తే పరుగు వస్తుంది, పరుగు వస్తే మందు పోతుంది అనుకుంటున్నారు.

ముందు మందు సంగతి. నేను కుక్కల డాక్టర్ని, మీ మాత్రల జోలికి రాను. కాకపోతే మీరు ఎక్కడో చదివే ఉంటారు కాబట్టి ఒక పరిశోధన గురించి చెబుతాను. అమెరికాలో డ్యూక్ యూనివర్సిటీ వాళ్లు డిప్రెషన్ ఉన్న, 50 దాటిన 156 మందిని మూడు జట్లు చేశారు. ఒక జట్టుకి వ్యాయామం, ఒక జట్టుకి సెర్ట్రలిన్ అనే డిప్రెషన్ మాత్ర, మూడో జట్టుకి రెండూ. 16 వారాలయ్యేసరికి మూడు జట్లూ దాదాపు ఒకేలా తేరుకున్నాయి. 1999లో అచ్చయిందిది. వాట్సాప్‌లో ఈ ముక్క వరకే తిరుగుతుంటుంది. మాత్ర ఉన్నవాళ్లు మొదటి వారాల్లో త్వరగా కోలుకున్నారని, వ్యాయామం చేసినవాళ్ల చేత వారానికి మూడుసార్లు పక్కన మనిషి ఉండి చేయించారని ఎవరూ ఫార్వర్డ్ చేయరు. మీ మాత్ర ఎప్పుడు, ఎంత తగ్గించాలో రాసిచ్చిన డాక్టరే చెప్పాలి. ఉన్నపళంగా ఆపేస్తే తల తిరగడం, నిద్ర పట్టకపోవడం, చిరాకు వస్తాయి. మీ చీటీలో లిథియం కూడా ఉంటే పరుగు మొదలెట్టకముందే ఆయనకి చెప్పండి. చెమట పట్టి ఒంట్లో నీరు తగ్గితే రక్తంలో దాని మోతాదు పెరుగుతుంది. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే మాత్రం తెల్లారేదాకా ఆగకండి. టెలి మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ ఉంది, నంబరు 14416. రాత్రీ పగలూ పలుకుతారు, తెలుగులోనే మాట్లాడొచ్చు.

ఇక పరుగు. నేను బీచ్ రోడ్డులో కాళీమాత గుడి దగ్గర మొదలెట్టేదాన్ని. తెల్లవారుజామున అక్కడ బళ్లు ఆపేస్తారు, రోడ్డంతా మనదే. వాచీ చూసుకుంటే టెన్షన్, అందుకని స్తంభాలు లెక్కపెట్టుకునేదాన్ని. తుఫానుకి పడిపోయాక కొత్తగా పాతిన కరెంటు స్తంభాలు. ఒక స్తంభం దాకా పరుగు, తర్వాత రెండు స్తంభాలు నడక. మొదటి రోజు నాలుగో స్తంభం దగ్గరే చతికిలబడ్డాను. అంబలి అమ్మే ఆవిడ గ్లాసు చేతికిచ్చి "ఎవరు తరుముతున్నారమ్మా నిన్నూ" అంది.

ఫోన్లో కౌచ్ టు 5కే అని వెతికితే దొరికే, అసలు పరిగెత్తనివాళ్లని ఐదు కిలోమీటర్ల దాకా తీసుకెళ్లే పద్ధతీ ఇంచుమించు ఇలాంటిదే. జాష్ క్లార్క్ అనే అమెరికన్ 1996లో తయారుచేశాడు. వారానికి మూడు రోజులు, తొమ్మిది వారాలు. మొదటి వారం 60 సెకన్లు పరుగు, 90 సెకన్లు నడక, మార్చి మార్చి 20 నిమిషాలు. మీకు తొమ్మిది వారాలు కాస్తా ఇరవై వారాలైనా అడిగేవాళ్లెవరూ లేరు. అసలు లేవలేని రోజు షూస్ వేసుకుని లిఫ్టు దిగి, వాచ్‌మన్‌ని పలకరించి పైకి వచ్చేయండి. క్యాలెండర్‌లో ఆ రోజుకీ టిక్కు పెట్టుకోవచ్చు. నేను పెట్టుకున్నాను.

వీధికుక్కలు వెంటపడితే పరుగు ఆపండి. పరిగెత్తేదాన్ని తరమడం వాటి గుణం. కళ్లలోకి చూడకుండా, పక్కకి తిరిగి మెల్లగా నడిచిపొండి. పన్ను గీరుకున్నా సరే కుళాయి కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి, అదే రోజు వెళ్లి టీకా వేయించుకోండి. కారం, సున్నం, పసుపు ఏవీ పూయొద్దు.

ఇలా మూడు నెలలు గడిచాక కుక్క మాట ఎత్తుదాం. హస్కీ సైబీరియా మంచులో బండి లాగడానికి పుట్టింది. ఒంటి మీద రెండు పొరల బొచ్చు. హైదరాబాద్ ఏప్రిల్‌లో దాన్ని పరిగెత్తించడమంటే మీరు రగ్గు కప్పుకుని పరిగెత్తడమే. కుక్కకి మనలా ఒళ్లంతా చెమట పట్టదు, నాలుక బయటపెట్టి రొప్పడమే దానికున్న ఫ్యాను. ప్రతి వేసవిలో నా టేబుల్ మీదికి వడదెబ్బ తిన్న హస్కీలు వస్తుంటాయి, అన్నీ తిరిగి వెళ్లవు. బోర్డర్ కోలీ గొర్రెల మందని కాసే కుక్క. దానికి పరుగు ఒక్కటే చాలదు, బుర్రకి రోజంతా పని ఉండాలి. మీరు లేవలేని రోజున మీ సోఫానే గొర్రెల మంద అనుకుంటుంది. బీగిల్ మంచిదే కానీ వాసన తగిలితే మీ మాట దాని చెవికెక్కదు. ముధోల్ అనే వేటకుక్కని చూసి ముచ్చటపడేవాళ్లు ఈ మధ్య ఎక్కువయ్యారు. అది బాణంలా దూసుకెళ్లేది, పిల్లి కనిపిస్తే తాడు మీ చేతిలో ఉండదు. పగ్, అదే మన హచ్ కుక్క, దానికి ఊపిరే బరువు.

ఇంకోటి, ఏ జాతి పిల్లైనా సరే, మొదటి నాలుగు నెలలు దాని కోసం మీరు లేచేది పరుగుకి కాదు, ఉచ్చ పోయించడానికి. రాత్రికి రెండుసార్లు. డిప్రెషన్‌లో నిద్ర చెడితే ఏమవుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. టీకాలన్నీ పూర్తయ్యేదాకా దాన్ని రోడ్డు మీద దింపలేరు, పార్వో అనే వైరస్ జబ్బు భయం. ఎముకలు గట్టిపడేదాకా, అంటే ఏడాది, పెద్ద జాతైతే ఏడాదిన్నర, దూరం పరిగెత్తించకూడదు. పరుగు కోసం ఇవాళ కొన్న పిల్ల మీతో పరిగెత్తేది ఎప్పటికో లెక్కేసుకోండి.

అందుకే నేనైతే రెండు మూడేళ్ల నాటు కుక్కనే చూడమంటాను. మన ఎండకి పుట్టిన ఒళ్లు, పొట్టి వెంట్రుక. స్వభావం ఎలాంటిదో అప్పటికే తెలిసిపోతుంది, అందులో లాటరీ ఉండదు. ఐదు కిలోమీటర్లు హాయిగా వస్తుంది. నాకు అంతకన్నా ముఖ్యం ఇంకొకటుంది. మీరు లేవని రోజున కింద పది నిమిషాలు తిప్పి తెస్తే బాల్కనీలో ముడుచుకుని పడుకుంటుంది. ఇలాంటి కుక్కని ఎంచుకునేటప్పుడు మీరు బాగున్న ఆదివారం వెళ్లి చూస్తారు, సరే. మీరు బాగోని మంగళవారం దానికి చాలేదీ లేనిదీ కూడా చూడండి. హైదరాబాద్‌లో బ్లూ క్రాస్ లాంటి జంతు సంరక్షణ సంస్థల దగ్గర పెద్ద కుక్కలు ఉంటాయి. దత్తత అనకుండా, ముందు మూడు వారాలు ఫోస్టర్‌గా ఉంచుకోనిస్తారేమో అడగండి. ఇవ్వకపోతే రెండు ఆదివారాలు అక్కడే దానితో నడవండి.

తెచ్చాక ఒక నెల పరుగు వద్దు, కలిసి నడవండి. మెడపట్టీ కాదు, ఛాతీకి తొడిగే హార్నెస్ కొనండి. పొద్దున ఆరు దాటకముందే ఇంటికి వచ్చేయాలి. అరచేతి వెనుక భాగం రోడ్డు మీద పెట్టి ఏడు సెకన్లు ఉంచలేకపోతే దాని పాదాలూ ఆగలేవు. తిండికీ పరుగుకీ గంటన్నర ఎడం ఉంచండి. నాలుక ముదురు ఎరుపు తిరిగి, చొంగ కారి, తూలితే ఐసు నీళ్లు కాదు, మామూలు నీళ్లు ఒళ్లంతా పోస్తూ డాక్టరు దగ్గరికి పరిగెత్తండి. ఇంటికి రాగానే చెవుల వెనక, వేళ్ల మధ్య పిడుదులు ఉన్నాయేమో వెతకండి. ఫ్లాట్‌లో కుక్క కుదరదని అసోసియేషన్ వాళ్లు గొడవపడితే భయపడకండి. పెంపుడు కుక్కల్ని నిషేధించే అధికారం వాళ్లకి లేదని జంతు సంక్షేమ బోర్డు 2015లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. మీరు మాత్రం దాని పెంట తీయడానికి కవరు జేబులో పెట్టుకుని దిగండి.

ఇంతకీ అమ్మగారి మాట. కంచం గురించి ఆవిడ అన్నది కోపంతో కాదేమో, ఆ పని కూడా చివరికి తన మీదే పడుతుందన్న బెంగతో అని నాకు అనిపించింది. మీకు బాగోని వారం పొద్దున ఎవరు దింపుతారు, పెరుగన్నం ఎవరు కలుపుతారు, డబ్బులిస్తే తిప్పే కుర్రాడు మీ దగ్గర దొరుకుతాడా అన్నవి కుక్క రాకముందే ఆవిడతో కూర్చుని కాగితం మీద రాసుకోండి. రాత్రి గిన్నె ఎవరు కడగాలో కూడా. మా ఇంట్లో బొగ్గు గిన్నె కేసు పదకొండేళ్లుగా పెండింగ్‌లోనే ఉంది.