రాడ్ బండిల్ సిమ్యులేషన్‌లో సబ్‌ఛానళ్ల మధ్య మిక్సింగ్ ఎందుకు తక్కువగా వస్తుంది?

రాడ్ బండిల్ అంటే ద్రవం మధ్యలోంచి పారే సమాంతర కడ్డీల కట్ట, ఆ కడ్డీల నడుమ ఉండే ఒక్కో దారి ఒక సబ్‌ఛానల్. మీ ప్రశ్నలో పక్కపక్కనున్న రెండు సబ్‌ఛానళ్లు తీసుకుని, బయటి అంచులకు సిమెట్రీ (అవతలి వైపు అద్దంలో ప్రతిబింబంలా ఉందనే షరతు) పెట్టి, కె-ఎప్సిలాన్ అనే టర్బులెన్స్ మోడల్‌తో స్టెడీగా, అంటే కాలంతో మారని ప్రవాహంగా నడిపానన్నారు. ప్రెజర్ డ్రాప్ కొలతలతో సరిపోతోంది, మిక్సింగ్ మాత్రం బాగా తక్కువ, మెష్ ఎంత సన్నం చేసినా కదలడం లేదు. ఇలాంటి చదరపు అమరిక బండిళ్ల మీదే నేను చాలాకాలం పనిచేశాను. ఇక మెష్‌తో కుస్తీ ఆపేయండి.

ప్రెజర్ డ్రాప్ సరిపోయిందని ధైర్యం తెచ్చుకోకండి. అది ప్రధానంగా రాడ్ గోడల దగ్గరి ఘర్షణ లెక్క. అడ్డంగా ఏం జరుగుతోందో అది చెప్పదు. పిచ్‌కీ (రాడ్ల కేంద్రాల మధ్య దూరం) వ్యాసానికీ నిష్పత్తి 1.1 అన్నారు కదా, అప్పుడు హైడ్రాలిక్ వ్యాసం (ద్రవం పారే దారికి సమానమైన గొట్టం వ్యాసం) రాడ్ వ్యాసంలో 0.54 వంతు, పక్కపక్క రాడ్ల మధ్య గ్యాప్ పదో వంతే. ఆ ఇరుకులో ప్రవాహం నెమ్మదిగా, సబ్‌ఛానల్ మధ్యలో వేగంగా ఉంటుంది. ఈ తేడా వల్లే గ్యాప్‌కి రెండు వైపులా పెద్ద సుడులు పుట్టి దిగువకు సాగుతూ, ద్రవాన్ని గ్యాప్‌లోంచి అటూ ఇటూ నెడతాయి. 1984లో హూపర్, రేమె అనే పరిశోధకులు ప్రచురించిన కొలతల్లో ఈ ఊగిసలాట స్పష్టంగా కనిపిస్తుంది. చాలామంది ఈ మిక్సింగ్‌ని సెకండరీ ఫ్లో (ప్రధాన ప్రవాహానికి అడ్డంగా సాగే చిన్న సగటు ప్రవాహం) మీదకి నెడతారు గానీ, అది సగటు వేగంలో 1 శాతం స్థాయిదే, పైగా తన సబ్‌ఛానల్ దాటి పెద్దగా పోదు.

గ్యాప్ నడిమధ్యలో ఒక ప్రోబ్ పెట్టి, అన్‌స్టెడీగా నడిపి అడ్డ వేగాన్ని చూడండి. నేను చూసినప్పుడు మొదట గీత చదునుగానే ఉండేది. తర్వాత చిన్న అల మొదలై, పెరిగి, దాదాపు ఒకే లయలో స్థిరపడేది. స్పెక్ట్రమ్ (ఏ ఫ్రీక్వెన్సీ దగ్గర ఎంత బలం ఉందో చూపే గ్రాఫ్) తీస్తే నిటారుగా ఒక శిఖరం. అదే అడ్డ వేగానికి కాలసగటు తీస్తే సున్నా! అందుకే స్టెడీ లెక్కలో అది కనిపించదు.

మోడల్ విషయంలో నా ఓటు ఎస్‌ఎస్‌టీతో (మరో టర్బులెన్స్ మోడల్) అన్‌స్టెడీకి, కంప్యూటర్ తట్టుకుంటే ఎల్‌ఈఎస్‌కి (పెద్ద సుడుల్ని నేరుగా లెక్కించే పద్ధతి). బయటి గ్యాప్‌ల దగ్గర సిమెట్రీ తీసేయండి, అది అడ్డ వేగాన్ని అక్కడ సున్నాగా బిగించేస్తుంది. దాని బదులు పీరియాడిక్ (ఒక అంచులోంచి బయటికెళ్లింది ఎదుటి అంచులోంచి లోపలికొచ్చే షరతు) పెట్టండి. ప్రవాహ దిశలోనూ పీరియాడిక్ అయితే పొడవు కొన్ని అలలు పట్టేంత ఉండాలి, లేకపోతే అల పొడవుని మీ డొమైనే నిర్ణయించేస్తుంది. పొడవు రెట్టింపు చేసి, ఆ శిఖరం అదే ఫ్రీక్వెన్సీ దగ్గర ఉందో లేదో చూసుకోండి.

ఇదంతా ఖాళీ బండిల్‌కి. మిక్సింగ్ వేన్లున్న (ద్రవాన్ని మళ్లించే చిన్న రెక్కలున్న) స్పేసర్ గ్రిడ్, అంటే రాడ్లను ఎడంగా పట్టి ఉంచే జాలీ, ఉంటే, దాని దిగువన కొంత దూరం వేన్లదే పైచేయి.