సంవత్సరీకానికి కూర్చోనంటే అమ్మ మాట్లాడటం మానేసింది

ప్రశ్న: మాది గుంటూరు, కొరిటెపాడు. నాకు 36 ఏళ్ళు, బ్యాంకులో పనిచేస్తాను. కాలేజీ రోజుల నుంచే నాకు దేవుడి మీద నమ్మకం లేదు. నాన్న పోయి ఏడాది కావస్తోంది. అప్పుడు కాదనలేక కర్మ అంతా చేశాను. కానీ నమ్మని మాటలు నాన్న పేరు మీద పలికానన్న బాధ ఇంకా వదల్లేదు. వచ్చే నెల సంవత్సరీకానికి కూర్చోనని చెప్పాను. "నీ చేతి పిండం లేకపోతే మీ నాన్న ఆకలితో ఉంటారురా" అని అమ్మ ఏడ్చింది. కోపంలో చుట్టాల ముందే "చచ్చిపోయినవాళ్ళు తింటారా?" అనేశాను. అప్పటి నుంచి నాతో మాటల్లేవు. బాబాయి తాను చేస్తానన్నా అమ్మ ఒప్పుకోవడం లేదు. ఆవిడ కూడా నాకు చెప్పకుండా మా నాలుగేళ్ళ బాబుని కోటప్పకొండ తీసుకెళ్ళి తలనీలాలు ఇప్పించింది. మా ఇద్దరి మధ్యా నా భార్య నలిగిపోతోంది. ఏం చేయాలి?

జవాబు: ముందే ఒక సంగతి చెప్పాలి. నేను రోజూ సాయంత్రం దీపం పెట్టుకునే మనిషిని. అది దాచి మీకు సలహా చెప్పడం సరికాదు. అయినా "అమ్మ కోసం ఒక్కరోజు కూర్చోండి, పోయేదేముంది" అని నేను అనను. ఆ మాట ఇప్పటికే చాలామంది అని ఉంటారు. పీట మీద కూర్చున్నాక మీ పేరు, గోత్రం, పెద్దల పేర్లు చెప్పి, ఇది నేను ఇస్తున్నాను అని నోటితో అనాలి. ఆ మాటకి విలువ ఉందని నమ్మేవాళ్ళం మేము. నమ్మనివాడి చేత అది బలవంతంగా అనిపించడం ముందు మాకే తప్పుగా తోచాలి.

అయితే చుట్టాల ముందు మీరు అన్న మాటని నేను సమర్థించలేను. మీరు అడిగింది తర్కం ప్రశ్నే అనుకుంటున్నారు. అమ్మకి అలా వినపడలేదు. దాదాపు నలభై ఏళ్ళు ఆయనకి అన్నం వడ్డించిన చెయ్యి ఆవిడది. ఏడాదిగా ఆ పని లేదు. ఆయన కోసం వండి పెట్టడానికి ఆవిడకి మిగిలింది ఆ ఒక్క రోజే. నలుగురిలో దాన్ని పనికిరానిది అన్నారు మీరు. నమ్మకం లేకపోవడానికి మీరు క్షమాపణ చెప్పక్కర్లేదు. ఆ మాటకి మాత్రం చెప్పండి, వెంటనే. "కానీ అమ్మా" అని పక్కన ఇంకేదీ చేర్చకుండా చెప్పండి.

తలనీలాల విషయంలో మాత్రం తప్పు అమ్మదే. జుట్టు మళ్ళీ వస్తుంది, నిజమే. కానీ బ్యాంకు నుంచి ఇంటికొచ్చి గుండుతో ఉన్న బిడ్డని చూసుకున్న తండ్రికి తగిలేది జుట్టు గురించి కాదు కదా. ఆవిడ మొక్కు ఆవిడకి పెద్దదే కావచ్చు. మీతో చెప్పి, మీరు కాదంటే పోట్లాడి ఉండాల్సింది.

మీకు గంట ప్రయాణంలో, విజయవాడ పటమటలో నాస్తిక కేంద్రం ఉంది. దేవుణ్ణి నమ్మని గోరా (గోపరాజు రామచంద్రరావు) గారు, ఆయన భార్య సరస్వతీ గోరా గారు 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో మొదలుపెట్టి, 1947లో పటమటకి మార్చారు. గోరా గారు గాంధీజీని కలిసి దేవుడి గురించి చాలాసార్లు వాదించారు. ఇద్దరిలో ఎవరూ రెండోవారి దారిలోకి రాలేదు. అయినా గోరా గారి పెద్దమ్మాయి మనోరమ గారి పెళ్ళి, దళిత యువకుడు అర్జునరావు గారితో, తన సేవాగ్రాం ఆశ్రమంలో జరగడానికి గాంధీజీ ఒప్పుకున్నారు. ప్రమాణంలో "దేవుడి పేరిట" అనే చోట "సత్యం పేరిట" అనడానికి కూడా సరేనన్నారు. 1948 జనవరి 30న ఆయన హత్య జరిగింది. ఆ మార్చిలో పెళ్ళి సేవాగ్రాంలోనే, అనుకున్నట్టే చేశారు. నాకు ఈ సంగతి గుర్తొచ్చినప్పుడల్లా మనసు నిండుతుంది. ఎదుటివాడి నోట అబద్ధం పలికించకుండా పెళ్ళి ఎలా చేయాలా అని వెతికారు వాళ్ళు. మీ ఇంట్లో సంవత్సరీకానికి కూడా అలాగే వెతకండి.

కొడుకు కూర్చోలేనప్పుడు దగ్గరి బంధువు చేత చేయించడం మన ఇళ్ళలో కొత్త కాదు. బాబాయి ముందుకొచ్చారు కూడా. అయినా అమ్మ ఎందుకు ఒప్పుకోవడం లేదు? బాబాయికి అప్పగించేసి మీరు ఆ రోజు బ్యాంకుకి వెళ్ళిపోతారని ఆవిడ భయం అని నా అనుమానం. కొడుకు తండ్రిని వదిలేశాడన్న మాట చుట్టాల నోట వినాల్సి వస్తుందని భయం. అందుకే పీట మీద కూర్చోవడం తప్ప మిగతా పనంతా మీరే నెత్తిన వేసుకోండి. రెండు రోజుల ముందే సెలవు పెట్టండి. కూరగాయలు, అరిటాకులు, స్వయంపాకం ఇచ్చే బియ్యం, పప్పు అన్నీ మీరే తెండి. కృష్ణ ఒడ్డున సీతానగరం ఘాట్‌కి అమ్మని మీరే తీసుకెళ్ళండి. పంక్తిలో మీ చేత్తో వడ్డించండి. ఇందులో మీరు నమ్మని పని ఒక్కటీ లేదు. ఇదంతా చేస్తానని ఇప్పుడే చెప్పండి, ఆ రోజు దాకా ఆగకండి.

బాబు సంగతి మాత్రం ఇప్పుడు ఎత్తకండి. "నేను ఇది చేస్తా, నువ్వు అది మానెయ్" అంటే బేరం అయిపోతుంది. నెల పోయాక నెమ్మదిగా అడగండి: వాడిని ఏ గుడికి తీసుకెళ్ళాలన్నా ముందు మాతో చెప్పమ్మా అని. నానమ్మ పక్కన కూర్చుని వాడు దండం పెట్టుకుంటే ఆపకండి. నాన్న ఎందుకు పెట్టడని వాడు అడిగితే మీరే నిజం చెప్పండి. అప్పుడు అమ్మ కూడా మీ గురించి వాడికి చెడుగా చెప్పకూడదు. అది మీరు గట్టిగానే అడగవచ్చు.

మీ భార్య చేత అటూ ఇటూ కబుర్లు మోయించడం ఈ రోజే ఆపేయండి. ఆమెకి చాలా టెన్షన్‌గా ఉండి ఉంటుంది.

ఇంత చేసినా అమ్మకి పూర్తిగా తృప్తి కలగకపోవచ్చు. బాబాయి పీట మీద కూర్చున్నప్పుడు కళ్ళనీళ్ళు పెట్టుకోవచ్చు. చిరాకు పడకండి, మీ మాట కూడా మార్చుకోకండి. ఏడవనివ్వండి.

పిండం పెట్టాక అందరూ పక్కకి జరిగి కాకి కోసం చూస్తారు. ఆ కాసేపు ఫోన్ జేబులో పెట్టి అమ్మ పక్కన నిలబడండి. కాకి వాలితే "మీ నాన్న వచ్చారురా" అని ఆవిడ అనవచ్చు. అవునని అబద్ధం చెప్పక్కర్లేదు, కాదని వాదించక్కర్లేదు. నాన్నకి గారెలు ఎలా ఉంటే ఇష్టమో, వేడివేడిగా ఎన్ని తినేవారో అడగండి. ఆవిడ చెప్తారు.