పాత మియాటాకు కొత్త తరం వెనక బ్రేకులు

ప్రశ్న: నాది 1992 మజ్దా మియాటా, 1.6 లీటర్ల ఇంజన్, ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రాలు లాక్ కాకుండా చూసే ఏర్పాటు) లేదు. తుక్కు యార్డులో 2003 మియాటా వెనక బ్రేకులు డిస్కులు, క్యాలిపర్లు (ప్యాడ్లను డిస్కుకు నొక్కే భాగాలు), వాటి బ్రాకెట్లతో సహా దొరుకుతున్నాయి. ముందువి అలాగే ఉంచి వెనకవి మాత్రమే మార్చుకోవచ్చా?
– ఒక పాఠకుడు, డల్లాస్

జవాబు: బోల్టులు కలుస్తాయి. అయినా ఆ పని చేయకండి.

ముందు కొలతలు చూద్దాం. 1.6 కార్లకు ముందు డిస్కు 235 మిల్లీమీటర్లు, వెనకది 231. 1994లో 1.8 ఇంజన్ వచ్చినప్పుడు అవి 255, 251 అయ్యాయి. రెండో తరంలోనూ (1999–2005) మామూలు మోడళ్లకు అవే కొనసాగాయి. 2001 నుంచి స్పోర్ట్ బ్రేకులున్న కార్లకు ముందు 270, వెనక 276. కాబట్టి 2003 కారు అనగానే స్పోర్ట్ బ్రేకులే అనుకోవద్దు. యార్డుకు టేపు తీసుకెళ్లి డిస్కు వ్యాసం కొలవండి.

డిస్కు పెరిగితే ప్యాడ్ పట్టే చోటు ఇరుసుకు దూరమవుతుంది. పెడల్ అంతే తొక్కినా చక్రాన్ని ఆపే బలం పెరుగుతుంది. పిస్టన్ సైజు మారలేదనుకున్నా, 231 నుంచి 251కి వెళితే వెనక బ్రేకు బలం సుమారు పదో వంతు పెరుగుతుంది. 276కి వెళితే ఐదో వంతుకు పైగా పెరుగుతుంది. గట్టిగా బ్రేకు కొట్టినప్పుడు బరువంతా ముందుకు వాలి, వెనక చక్రాల మీద భారం తగ్గుతుంది. సరిగ్గా ఆ చక్రాలకే మీరు అదనపు బలం ఇస్తున్నారు. ముందు చక్రాల కంటే వెనకవి ముందుగా లాక్ అయితే (తిరగడం ఆగి జారితే) కారు తోక తిరుగుతుంది. తడి రోడ్డు మీద, మలుపులో, ఏబీఎస్ లేని తేలికపాటి కారులో దాన్ని సరిదిద్దే వ్యవధి ఉండదు. వెనక ప్రెషర్ తగ్గించే వాల్వు పెట్టుకోవచ్చని కొందరు చెబుతారు. పెద్ద డిస్కు వేసి ప్రెషర్ తగ్గించుకోవడం వల్ల వచ్చే లాభమేమిటో ఆలోచించండి.

వీధుల్లో నడిపే 1.6 కారుకు మా సిఫారసు 1994–97 మధ్య 1.8 కారు నుంచి నాలుగు చక్రాల సెట్టు. 14 అంగుళాల రిమ్ములు సరిపోతాయి. స్పోర్ట్ సెట్టుకు 15 అంగుళాలు కావాలి, అవి కూడా అన్ని డిజైన్లూ పట్టవు, ముందు తొడిగి చూడాలి. రెండిట్లో ఏది వేసినా ముందూ వెనకా ఒకే జాతి కారువి ఉండాలి. ఖర్చు రెండు విడతలుగా పెట్టుకోవాలంటే ముందు చక్రాలతో మొదలుపెట్టండి, వెనకవి తర్వాత.

ప్యాడ్ల దగ్గర జాగ్రత్త. 1.6 వెనక ప్యాడ్లు వేరు, 1994 తర్వాతి కార్లవి వేరు. 1.8కి, స్పోర్ట్‌కు మాత్రం వెనక ప్యాడ్లు ఒకటే. డిస్కు వెనక ఉండే దుమ్ము రేకు అంచు పెద్ద డిస్కుకు తగులుతుంది. దాన్ని వంచాలి లేదా కత్తిరించాలి. చక్రం చేత్తో తిప్పితే గీరుకునే చప్పుడు వినిపించకూడదు.

పాత క్యాలిపర్ కొనేముందు హ్యాండ్ బ్రేక్ కేబుల్ తగిలించే లివర్‌ను చేత్తో లాగి వదలండి. చటుక్కున వెనక్కి వచ్చి ఆనాలి. బద్ధకంగా వస్తే లోపల తుప్పు పట్టి ఉంటుంది. అలాంటిది ఎంత చౌకగా ఇచ్చినా తీసుకోకండి. క్యాలిపర్ అటూ ఇటూ జరిగే స్లైడ్ పిన్నులు కూడా వేళ్లతో కదలాలి. ఒకటి జామ్ అయినా ఒక ప్యాడ్ మాత్రమే అరిగిపోతుంది.

ప్రశ్న: వెనక క్యాలిపర్ పిస్టన్‌ను సి-క్లాంపు వేసి నొక్కుతున్నాను. కదలడం లేదు. జామ్ అయిందా?
– ఒక పాఠకుడు, న్యూజెర్సీ

జవాబు: క్లాంపు వెంటనే తీసేయండి. ఈ కార్లలో హ్యాండ్ బ్రేక్ పనిచేసేది వెనక క్యాలిపర్ ద్వారానే. లోపల పిస్టన్ వెనక మర ఉంటుంది. బలవంతం చేస్తే ఆ మర పాడవుతుంది. మొదటి రెండు తరాల కార్లకూ పద్ధతి ఒకటే.

హ్యాండ్ బ్రేక్ దించండి. క్యాలిపర్ వెనక వైపున 14 మిల్లీమీటర్ల తల ఉన్న బోల్టు కనిపిస్తుంది. అది మూత మాత్రమే, విప్పితే బ్రేక్ ఆయిల్ కారదు. లోపల 4 మిల్లీమీటర్ల అల్లెన్ కీ పట్టే స్క్రూ ఉంటుంది. గడియారానికి వ్యతిరేక దిశలో తిప్పితే పిస్టన్ లోపలికి వెళుతుంది. ప్యాడ్లు, క్యాలిపర్ బిగించాక అదే స్క్రూను గడియారం దిశలో ప్యాడ్లు డిస్కును పట్టేదాకా తిప్పి, అక్కడి నుంచి మూడో వంతు చుట్టు వెనక్కి వదలాలి. చక్రం స్వేచ్ఛగా తిరగాలి. మూత బోల్టు మళ్లీ పెట్టడం మరవకండి. అది లేకపోతే నీళ్లు చేరి స్క్రూ తుప్పు పడుతుంది.

ప్రశ్న: వెనక బ్రేకులు మార్చాక పెడల్ మెత్తగా దిగుతోంది. హ్యాండ్ బ్రేక్ దాదాపు నిటారుగా లేచేదాకా పట్టడం లేదు.
– ఒక పాఠకురాలు, హ్యూస్టన్

జవాబు: హ్యాండ్ బ్రేక్ సంగతి ముందు. పై జవాబులో చెప్పిన అల్లెన్ స్క్రూ సర్దకుండా, కారు లోపలి హ్యాండ్ బ్రేక్ లివర్ దగ్గర కేబుల్ బిగించి ఉంటారు. కేబుల్ పూర్తిగా వదులు చేసి, రెండు క్యాలిపర్లూ సర్ది, పెడల్ కొన్నిసార్లు తొక్కి, అప్పుడు కేబుల్ చూడండి. 5 నుంచి 7 క్లిక్కుల్లో పట్టాలి. కేబుల్‌తోనే లాగి సరిచేస్తే క్యాలిపర్ లివర్ ఎప్పుడూ కాస్త లాగి ఉండి, ప్యాడ్లు రాసుకుంటూ డిస్కు వేడెక్కుతుంది.

మెత్తని పెడల్‌కు కారణం గాలి. అది ఎక్కడ చిక్కుకుందో తెలియాలంటే గాలి తీసే నిపుల్ ఎటు ఉందో చూడండి. క్యాలిపర్ పైభాగాన ఉండాలి. కిందికి ఉంటే ఎడమ క్యాలిపర్ కుడివైపు బిగించారన్నమాట. అలాంటప్పుడు ఎన్ని సీసాల ఆయిల్ పోసినా గాలి పోదు. సరిగ్గానే ఉంటే మాస్టర్ సిలిండర్‌కు (పెడల్ తొక్కితే బ్రేక్ ఆయిల్‌ను చక్రాలకు నెట్టే భాగానికి) దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెట్టండి. అమెరికా కార్లలో అది వెనక కుడి చక్రం. తర్వాత వెనక ఎడమ, ముందు కుడి, ముందు ఎడమ. బ్రేక్ ఆయిల్ డాట్ 3 రకం గానీ డాట్ 4 గానీ వాడవచ్చు. డాట్ 5 సిలికాన్ ఆయిల్, దాన్ని పోయకండి. హోసు బోల్టుకు రెండు వైపులా కొత్త రాగి వాషర్లు వేసి 22–29 న్యూటన్ మీటర్లకు బిగించండి. చక్రాల నట్లకు 88–118.

పెడల్ గట్టిపడ్డాక ఖాళీ స్థలంలో 50 కిలోమీటర్ల వేగం నుంచి 15కి ఎనిమిది, పదిసార్లు తగ్గించండి. పూర్తిగా ఆపకండి. ప్యాడ్లు డిస్కు మీద కూర్చుంటాయి. చల్లారాక, కారులో ఏబీఎస్ లేకపోతే, బయట ఒకరిని నిలబెట్టి తక్కువ వేగంలో గట్టిగా బ్రేకు కొట్టి, ఏ చక్రాలు ముందు ఆగిపోతున్నాయో చూడమనండి. వెనకవైతే ఆ కారును రోడ్డెక్కించవద్దు.

ప్రశ్న: 2008 మియాటా వెనక డిస్కులు 280 మిల్లీమీటర్లట. నా 2000 కారుకు పడతాయా?
– ఒక పాఠకుడు, అట్లాంటా

జవాబు: పడవు. 2006లో వచ్చిన మూడో తరానికి చక్రానికి ఐదు నట్లు, మీ కారుకు నాలుగు. డిస్కు హబ్బుకే కూర్చోదు, బ్రాకెట్ బిగించే భాగం కూడా వేరు. మీకు దగ్గరి దారి స్పోర్ట్ సెట్టు. మీ వెనక క్యాలిపర్లు, ప్యాడ్లు ఉన్నవే పనికొస్తాయి. 276 డిస్కులు, వాటి బ్రాకెట్లు కొంటే చాలు. ముందుకు 270 సెట్టు తప్పనిసరి.